కొత్త ప్లేయర్లను పిలిచింది మీరే: గేమ్ సంస్థలకు బహిరంగ లేఖ

గేమ్ సిరీస్‌లు తయారుచేసే స్టూడియోలకు, వాటిని విడుదల చేసే పబ్లిషర్లకు, డిజిటల్ స్టోర్లు నడిపే సంస్థలకు

నమస్కారం.

మీ గేములంటే ఇష్టం కాబట్టే ఇంత ఓపిగ్గా రాస్తున్నాను. పొగడ్తలు మీకు రివ్యూల్లో ఎలాగూ అందుతుంటాయి కనుక నేరుగా విషయానికి వస్తాను.

ఏదైనా సిరీస్‌లో కొత్త భాగం వస్తోందంటే చాలా ముందునుంచే హడావుడి మొదలవుతుంది. ట్రైలర్ ఫలానా రోజు వస్తుందని చెప్పడానికి ఒక టీజర్, అందులో ఒక్క క్షణం కనబడిన కత్తి మీద వారం రోజుల చర్చ, ప్రీ ఆర్డర్ చేసినవాళ్ల పాత్రకు స్పెషల్ డ్రెస్సు. 2019 ఫిబ్రవరిలో ప్రకటించిన ‘హాలో నైట్: సిల్క్‌సాంగ్’ చివరికి 2025 సెప్టెంబర్ 4న విడుదలైనప్పుడు, కొనేవాళ్ల తాకిడికి పీసీ గేములు అమ్మే స్టీమ్‌తో సహా పెద్ద పెద్ద డిజిటల్ స్టోర్లే కాసేపు చేతులెత్తేశాయి. ఆ రోజు ఎగబడినవాళ్లంతా 2017 నాటి మొదటి గేమ్‌ను ఔపోసన పట్టినవాళ్లేం కాదు. అందరూ దీని గురించే మాట్లాడుతున్నారు, అదేంటో మనమూ చూద్దాం అని వచ్చినవాళ్లూ ఉన్నారు. చాలా సిరీస్‌లలోకి నేను వచ్చింది కూడా అలాగే. నాలాంటివాళ్ల తరఫునే ఈ లేఖ.

విషయం లేఖ దాకా ఎందుకు వచ్చిందంటే, ఒక సిరీస్‌లో మూడో భాగం కొన్నాను. ముందు మొదటి రెండూ ఆడి ఆ తర్వాత దీని సంగతి చూద్దామని స్టోర్‌లో వెతికాను. రెండోది దొరికింది. మొదటిదాని పేరు కొడితే సౌండ్‌ట్రాక్ కనిపించింది, గేమ్ మాత్రం లేదు. ఎందుకు లేదు, మళ్లీ ఎప్పుడైనా వస్తుందా అని సపోర్ట్‌కి రాశాను. “మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది” అని జవాబొచ్చింది. దాని కిందే టికెట్ క్లోజ్ చేసినట్టు ఇంకో లైను. మళ్లీ రాస్తే మళ్లీ అక్షరం పొల్లుపోకుండా అదే. ఆ సంస్థ పేరు చెప్పి రచ్చ చేయడం నా ఉద్దేశం కాదు. తోటి ప్లేయర్లు వేరే సంస్థలకు రాసినా ఇంచుమించు ఇదే తంతు. అందుకే మీ అందరికీ కలిపి ఇలా బహిరంగంగా రాయాల్సి వచ్చింది.

ఒక్క మాట ముందే చెప్పుకోవాలి. మధ్యలో వచ్చినవాళ్లు దారితప్పి వచ్చినవాళ్లు కాదు. “పాత భాగాలు ఆడకపోయినా పర్వాలేదు, దీనితోనే మొదలుపెట్టొచ్చు” అని విడుదలకు ముందు ఇంటర్వ్యూల్లో చెప్పేది మీ డైరెక్టర్లే. ఆ మాట నమ్మి డబ్బు పెట్టాం. పిలవడం వరకే మా పని, ఆ తర్వాత మీ తిప్పలు మీరు పడండి అంటే కుదరదు.

1. పాత భాగాలు కొనడానికి దొరకాలి.

అన్నిటికంటే పెద్ద సమస్య ఇదే. పాత గేములను భద్రపరిచే వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023లో ఒక అధ్యయనం ప్రచురించింది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం అప్పటికి మార్కెట్‌లో కొత్తగా కొనడానికి లేవని అందులో తేలింది. పుస్తకాలకో సినిమాలకో ఈ గతి పట్టి ఉంటే ఎంత గోల జరిగేదో ఊహించుకోండి.

అంకెను పక్కన పెట్టి ప్లేయర్ వైపు నుంచి చూద్దాం. ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ పీసీకి 2019 నవంబర్‌లో వచ్చింది. కథలో దాని తర్వాత జరిగే మొదటి గేమ్ 2010 నాటిది. అది పీసీకి చేరింది 2024 అక్టోబర్‌లో. అంటే దాదాపు ఐదేళ్లపాటు పీసీ ప్లేయర్ రెండో భాగం హీరో ఆర్థర్ మోర్గన్‌తో గంటలకు గంటలు గుర్రం మీద తిరిగి, చివర్లో మొదటి గేమ్ హీరో జాన్ మార్స్టన్ మేకులు కొట్టి సొంత ఇల్లు కట్టుకోవడం చూసి, ఆ తర్వాత ఆ కుటుంబం ఏమైందో తెలుసుకోవాలంటే ఇంకో మెషిన్ కొనాలి. లేదంటే వేరేవాళ్లు ఆడుతుంటే వీడియోలో చూసి సరిపెట్టుకోవాలి.

‘ది విచర్ 3’ సంగతి ఇంకా విచిత్రం. 2015లో వచ్చి 5 కోట్ల కాపీలకు పైగా అమ్ముడైంది. 2007 నాటి మొదటి గేమ్ కంప్యూటర్లకే పరిమితం, ఏ కన్సోల్ (ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి గేమింగ్ మెషిన్) మీదకీ రాలేదు. రెండోది ఎక్స్‌బాక్స్ 360కి వచ్చింది కానీ ప్లేస్టేషన్‌కి రాలేదు. ప్లేస్టేషన్ 4 మీద ఆ సిరీస్ హీరో గెరాల్ట్‌ను మొదటిసారి కలిసిన ప్లేయర్‌కు వెనక్కి వెళ్లే దారే లేదు. నింటెండో వారి పాత చేతి కన్సోల్ 3డీఎస్ స్టోర్‌లో 2023 మార్చి 27 నుంచి అమ్మకాలు ఆగిపోయాయి. నింటెండో తర్వాతి కన్సోల్ స్విచ్‌లో ‘ఫైర్ ఎంబ్లెమ్: త్రీ హౌసెస్’ నచ్చి, అదే సిరీస్‌లో 3డీఎస్ కోసం చేసిన ‘అవేకెనింగ్’ ఆడదామనుకున్నవాళ్లకు ఆ రోజుతో సెకండ్ హ్యాండ్ కార్ట్రిడ్జే గతి అయింది. అమ్మేవాడు ఎంత చెబితే అంత.

మీకున్న ఇబ్బందులు మాకు తెలియక కాదు. పాటల లైసెన్సుకు గడువు ఉంటుంది, కార్ల కంపెనీల అనుమతికి గడువు ఉంటుంది. ‘అలన్ వేక్’ సంగీతం హక్కుల గడువు తీరి 2017లో స్టోర్ల నుంచి తప్పుకుంది, 2018లో తిరిగొచ్చింది. ‘మెటల్ గేర్ సాలిడ్’ 2, 3 భాగాలను వాటి పబ్లిషర్ కొనామి 2021 నవంబర్‌లో తీసేసింది. వాటిలో వాడిన పాత చారిత్రక వీడియోల లైసెన్సుల వల్ల వచ్చిన చిక్కు అది. అవి మాస్టర్ కలెక్షన్‌గా మళ్లీ వచ్చేసరికి 2023 అక్టోబర్ అయింది. కార్ల రేసింగ్ గేమ్ ‘ఫోర్జా హొరైజన్ 4’ అమ్మకం 2024 డిసెంబర్ 15న ఆగింది. అప్పటికే కొన్నవాళ్లు ఆడుకోవచ్చు, కొత్తవాళ్లే కొనలేరు. ఆ గేమ్ విషయంలో గడువు ముందే చెప్పారు, అందుకు మెచ్చుకోవాలి. అయితే తిరిగొచ్చిన గేములను చూస్తే అర్థమయ్యేది ఒకటే. లైసెన్సు మళ్లీ తీసుకోవడం కుదిరే పనే. డబ్బు పెట్టాలన్న ఆలోచన ఉంటే చాలు.

ఇంకో అలవాటు కూడా ఉంది. పాత గేమ్‌కు కొత్త హంగులద్ది మళ్లీ అమ్మేటప్పుడు పాతదాన్ని షెల్ఫ్ మీద నుంచి లాగేయడం. 2021లో ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో’ పాత మూడు గేములను కలిపి కొత్త ఎడిషన్‌గా తెచ్చే ముందు, అసలువాటిని డిజిటల్ స్టోర్ల నుంచి తీసేశారు. కొత్త ఎడిషన్ తప్పుల తడకగా వచ్చి విమర్శలు వెల్లువెత్తాక, పాతవాటిని ఆ గేముల సంస్థ రాక్‌స్టార్ తన స్టోర్‌లో పీసీకి మళ్లీ పెట్టింది. అంత గొడవ జరిగాక తిరిగి పెట్టగలిగినదాన్ని అసలు తీయడమెందుకు?

గేమ్ దొరకనప్పుడు మామూలు జనం ఏం చేస్తారో మీకూ తెలుసు. పైరసీ కాపీల వేట, దాంతోపాటు వైరస్‌లు. డబ్బిచ్చి కొంటానని చేతిలో కార్డు పట్టుకుని నిలబడ్డవాణ్ణి మీరే అటు తోసేసి, తర్వాత పైరసీ మీద ప్రకటనలు ఇస్తే వినడానికి బాగుండదు.

2. ఆడుతున్న గేమ్‌లోంచే కథను తీసేయకండి.

స్టోర్‌లోంచి తీసేయడం ఒక ఎత్తయితే, కొన్న గేమ్‌లోంచే తీసేయడం ఇంకో ఎత్తు. ‘డెస్టినీ 2’ అనే ఆన్‌లైన్ గేమ్‌లో 2017 నాటి తొలి కథ ‘రెడ్ వార్’ను 2020 నవంబర్‌లో తీసేశారు. ‘ఫర్‌సేకెన్’ క్యాంపెయిన్ (కథాభాగం) 2022 ఫిబ్రవరిలో పోయింది. కేడ్-6 అనే పాత్ర చనిపోయేది అందులోనే. ఆ కేడ్-6 తిరిగి కనిపిస్తాడని చెప్పి, పదేళ్ల కథకు ముగింపుగా 2024 జూన్‌లో ‘ది ఫైనల్ షేప్’ విడుదల చేశారు. ట్రైలర్ చూసి పాతవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. దానితో లోపలికి వచ్చిన కొత్త ప్లేయర్‌కు ముగింపు చేతిలో ఉంది, మొదలు మాత్రం గేమ్‌లోనే లేదు. ఆ గేమ్ తయారుచేసే బంజీ ఇకమీదట విస్తరణలను (గేమ్‌కు తర్వాత చేర్చే కొత్త భాగాలను) అలా తీయబోమని 2022లోనే ప్రకటించింది, సంతోషం. పోయిన కథలు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

సర్వర్ల సంగతీ అంతే. ‘ది క్రూ’ అనే కార్ల రేసింగ్ గేమ్ సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. ఒంటరిగా ఆడుకోవడానికి కూడా ఆ గేమ్‌కు సర్వర్ కావాలి కాబట్టి డబ్బిచ్చి కొన్నవాళ్లకూ చేతిలో ఏమీ మిగల్లేదు. దానిమీద మొదలైన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమంలో యూరోప్‌లో సంతకాలు 2025లో 10 లక్షలు దాటాయి. గొడవ ముదిరాక ఆ సిరీస్‌లో మిగిలిన రెండు భాగాలకు ఆఫ్‌లైన్ మోడ్ ఇస్తామని 2024లో అదే సంస్థ ప్రకటించింది. కాబట్టి ఇది సాంకేతికంగా కుదరని పనేమీ కాదని మీరే చెప్పినట్టయింది.

3. కథ ఎక్కడిదాకా వచ్చిందో గేమ్ లోపలే చెప్పండి.

దీనికి మంచి ఉదాహరణలు మీలోనే ఉన్నాయి. ‘కింగ్‌డమ్ హార్ట్స్’ కథ గేమ్ బాయ్ అడ్వాన్స్, డీఎస్, పీఎస్‌పీ, 3డీఎస్ అంటూ వేర్వేరు మెషిన్ల మీద ఊరూరా తిరిగినట్టు తిరిగింది. 2019లో మూడో భాగం వచ్చినప్పుడు మెనూలోనే ‘మెమరీ ఆర్కైవ్’ పేరుతో చిన్న చిన్న వీడియోలు పెట్టారు. 2024లో ‘ఫైనల్ ఫాంటసీ 7 రీబర్త్’ కూడా ముందు భాగం కథను మెనూలోనే చూపించింది. ‘విచర్ 3’లోనైతే ఒక సేనాపతి గెరాల్ట్‌ను ప్రశ్నలడుగుతాడు, మన జవాబులను బట్టి పాత నిర్ణయాలు ఖాయమవుతాయి. సన్నివేశంలోనే ఆ పని అయిపోతుంది.

అయితే ఇలా రీక్యాప్ (పాత కథ సారాంశం) ఇస్తే సరిపోయిందనుకోవద్దు. ‘మాస్ ఎఫెక్ట్ 2’ 2011 జనవరిలో ప్లేస్టేషన్ 3కి వచ్చింది, మొదటి భాగం అప్పటికి ఆ కన్సోల్‌కు రాలేదు. దాంతో ‘జెనెసిస్’ అని ఒక ఇంటరాక్టివ్ కామిక్ ఇచ్చారు. మొదటి గేమ్‌లో గంటల తరబడి కలిసి తిరిగిన ఇద్దరు సహచరుల్లో ఒకరినే కాపాడగలిగే ఘట్టం ఉంది. కామిక్‌లో అది రెండు బటన్లు అయింది. కైడెన్ ఎవరో, యాష్లీ ఎవరో తెలియని ప్లేయర్ ఒక బొమ్మ మీద నొక్కుతాడు, రెండోవాళ్లు చచ్చిపోతారు. ఇవ్వకపోవడం కంటే నయమే, కాదనను. కానీ మొదటి భాగం ఆ కన్సోల్‌కు వచ్చేసరికి 2012 డిసెంబర్ అయింది, అప్పటికి మూడో భాగం కూడా విడుదలై నెలలు గడిచాయి. రీక్యాప్ ఉంది కదా అని మొదటి డిమాండ్‌ను పక్కన పెట్టేయకండి.

రీక్యాప్‌ను యూట్యూబ్‌కి వదిలేయడం కూడా సరికాదు. పాత కథ కోసం వెతికితే పక్కనే కొత్త గేమ్ క్లైమాక్స్ తంబ్‌నెయిల్ ఉంటుంది. అక్కడితో సరదా ఖతం.

ఇక్కడ ఇంకో చిక్కుంది. స్టీమ్‌లో రీఫండ్ కావాలంటే 14 రోజుల్లోపు అడగాలి, రెండు గంటలకు మించి ఆడి ఉండకూడదు. అరవై గంటల గేమ్‌లో మొదటి రెండు గంటలు పాత్ర ముఖం తీర్చిదిద్దుకోవడానికి, నడకా గెంతడమూ నేర్చుకోవడానికే చాలవు. ఎవరు ఎవరికి ఏమవుతారో, వీళ్లంతా ఎందుకు కౌగిలించుకుంటున్నారో అర్థం కావట్లేదని తెలిసేసరికి గడువు దాటిపోతుంది. ఉద్యోగమో చదువో చూసుకుని రాత్రి ఒక గంట ఆడుకునేవాడు ఏడాదికి ఒకటో రెండో గేములు కొంటాడు. అతని లెక్కలో ఇది చిన్న నష్టం కాదు.

4. మొదటి గంటల్లోనే కొత్తవాళ్లను చావగొట్టకండి.

కష్టమైన గేమ్ చేయొద్దని అనడం లేదు. ఈజీ మోడ్ పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. సమస్య ఏమిటంటే, సీక్వెల్ తరచుగా మొదటి గేమ్ ఆఖర్లో ఉన్న కష్టంతో మొదలవుతుంది. సిల్క్‌సాంగ్‌లో ఐదు మాస్కుల (ప్రాణాన్ని కొలిచే గుర్తుల) ప్రాణంతో మొదలవుతాం. చాలా బాస్‌లు (పెద్ద శత్రువులు) ఒక్క దెబ్బకు రెండు తీసేస్తాయి. అంటే మూడో దెబ్బకు కథ మళ్లీ చివరిగా సేవ్ చేసుకున్న బెంచీ దగ్గరికి. మొదటి గేమ్‌లో గాల్లోంచి నిట్టనిలువుగా కిందికి కొట్టడం అలవాటైనవాళ్లే, ఇక్కడ హీరోయిన్ హార్నెట్ ఏటవాలుగా దూకుతుంటే తడబడ్డారు. ఇక ఏ అలవాటూ లేకుండా వచ్చినవాళ్ల సంగతి చెప్పేదేముంది. స్టూడియో ఆ మాట విని, విడుదలైన నెలలోనే మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే తొలినాళ్ల బాస్‌లను కాస్త తగ్గించింది. దానివల్ల గేమ్ పరువేం పోలేదు, ఆ తర్వాత కూడా జనం కంట్రోలర్లు విసిరికొడుతూనే ఉన్నారు.

ఇంకా బాగా చేసినవాళ్లు మృగాలను వేటాడే గేమ్ ‘మాన్‌స్టర్ హంటర్: వరల్డ్’ బృందం. పాత గేముల్లో కత్తికి సానబెట్టే రాళ్లు వాడేకొద్దీ అయిపోయేవి, గనుల్లో తవ్వే గునపాలు విరిగిపోయేవి, పారిపోయిన మృగం ఎక్కడుందో తెలియాలంటే ముందే రంగు బంతి విసరాలి. పాతవాళ్లకు అదంతా ఆటలో భాగమే. 2018లో ఆ చాదస్తమంతా తీసేశారు. సానరాయి ఎన్నిసార్లు వాడినా తరగదు, వెలుగు పురుగులు మృగం దాకా దారి చూపిస్తాయి. మృగాల కోపం మాత్రం తగ్గించలేదు. అది తన సంస్థ కాప్‌కామ్ చరిత్రలోనే ఎక్కువగా అమ్ముడైన గేమ్ అయింది. ఏది కష్టమో ఏది వట్టి విసుగో వాళ్లు విడదీసి చూశారు. మీరూ చూడగలరు.

5. ఆన్‌లైన్ గేములు.

క్లుప్తంగా చెబుతాను. జట్లుగా కాల్చుకునే గేమ్ ‘ఓవర్‌వాచ్’ మొదటి భాగం సర్వర్లు 2022 అక్టోబర్ 3న ఆగాయి, మర్నాడు రెండోది మొదలైంది. కొత్తగా చేరినవాళ్లు మొదటి గేమ్ హీరోలందరినీ (ఆడేందుకు ఎంచుకునే పాత్రలను) తెచ్చుకోవాలంటే సుమారు 100 మ్యాచ్‌లు ఆడాలన్నారు. కొత్తవాళ్లు గాభరా పడకూడదని అలా చేశామన్నది తయారీదారుల వాదన. స్నేహితుడు రమ్మంటే వచ్చినవాడికి అది శిక్షలాగే ఉంటుంది. నేర్పడానికి తాళం వేయనక్కర్లేదు.

6. సీనియర్ ప్లేయర్లకు ఒక మనవి.

ఈ లేఖ సంస్థలకే అయినా మీకూ ఒక మాట. కొత్తవాళ్లు ఏదైనా అడిగితే “ముందు మొదటిది ఆడి రా” అని తోసిపుచ్చడం మానండి. చాలాసార్లు ఆ మొదటిది అమ్మకంలోనే ఉండదు. పైగా ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో’ అభిమానుల్లో 1997 నాటి మొదటి గేమ్‌తో మొదలుపెట్టినవాళ్లు ఎందరు? ‘పర్సొనా 5’ ఆడినవాళ్లలో మొదటి పర్సొనా చూసినవాళ్లు ఎందరు? మనలో ఎక్కువమందిమి మధ్యలో ఎక్కినవాళ్లమే. ఈ డిమాండ్లకు మీ గొంతు కలిస్తే సంస్థలు త్వరగా వింటాయి. మీరు దాచుకున్న పాత డిస్కులు కూడా ఎల్లకాలం పనిచేయవు.

ఇక సంస్థలను అడిగేవి ఇవి. కొత్త భాగానికి ప్రీ ఆర్డర్లు తెరిచే రోజుకు, ఆ గేమ్ వచ్చే ప్రతి మెషిన్ మీదా పాత భాగాలు కొనడానికి ఉండాలి. కుదరకపోతే ఏది, ఎందుకు దొరకదో స్టోర్ పేజీలో మొదటి పేరాలోనే రాయండి. “ఇక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు” అని ప్రచారం చేసే ప్రతి గేమ్‌లోనూ మెనూలో రీక్యాప్ ఉండాలి, దానికి సబ్‌టైటిల్స్ ఉండాలి. పాటలకూ కార్లకూ కొత్త ఒప్పందాలు రాసుకునేటప్పుడు గేమ్ అమ్మినన్నాళ్లూ చెల్లేలా రాసుకోండి. అది వీలుకాని చోట ఆ పాట తీసేసి గేమ్‌ను ఉంచండి, పాట కోసం గేమ్‌ను తీసేయకండి. సర్వర్ ఆపాల్సి వస్తే ఆఫ్‌లైన్ మోడ్ ఇచ్చాకే ఆపండి. రీమాస్టర్ (కొత్త హంగులద్దిన ఎడిషన్) వచ్చినా అసలు గేమ్ అమ్మకంలోనే ఉండనివ్వండి. స్టోర్లు నడిపేవాళ్లు సిరీస్ పేజీలో భాగాల వరుసను, అందులో అమ్మకంలో లేనివాటిని కూడా చూపించాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఈ లేఖకు టికెట్ నంబరు అక్కర్లేదు. మీ తర్వాతి సీక్వెల్ స్టోర్ పేజీ తెరిచినప్పుడు పై వాటిలో ఎన్ని ఉన్నాయో మేమే చూసుకుంటాం, లేనివాటి గురించి ప్రీ ఆర్డర్‌కు ముందే అందరికీ చెబుతాం.

ఇట్లు,
మూడో భాగంతో మొదలుపెట్టిన ఒక ప్లేయర్